ఆండ్రాయిడ్ నుంచి ఐఫోన్‌కు, ఐఫోన్ నుంచి ఆండ్రాయిడ్‌కు: మోడల్ ఎంచుకునే ముందు చూడవలసినవి

నమస్కారం. ఇన్నేళ్లుగా ఆండ్రాయిడ్ ఫోన్ వాడుతూ ఇప్పుడు ఐఫోన్ కొందామనుకుంటున్నవారి కోసం, ఐఫోన్ వదిలి ఆండ్రాయిడ్‌కు రావాలనుకుంటున్నవారి కోసం ఈ వీడియో చేస్తున్నాను. మా రివ్యూలు సాధారణంగా కెమెరాతో మొదలై బ్యాటరీతో ముగుస్తాయి. ఆండ్రాయిడ్‌లోనే పాతది తీసేసి కొత్తది కొనేవారికి ఆ వరుస సరిపోతుంది. ఆపరేటింగ్ సిస్టమే మారుతున్నప్పుడు మాత్రం పాత ఫోన్‌లో ఉన్నవాటిలో ఏవి మీ వెంట వస్తాయి, ఏవి రావు అన్న లెక్క ముందుగా తేలాలి. ఏ మోడల్ కొనాలన్న ప్రశ్నకు సగం జవాబు ఆ లెక్కలోనే దొరుకుతుంది.

ఎక్కువమందికి మొదటి బెంగ వాట్సాప్ చాట్‌ల గురించే. ఆండ్రాయిడ్‌లో వాట్సాప్ బ్యాకప్ గూగుల్ డ్రైవ్‌లోకి, ఐఫోన్‌లో ఐక్లౌడ్‌లోకి వెళుతుంది. ఒకచోట దాచిన బ్యాకప్‌ను రెండోచోట తెరవడం కుదరదు కాబట్టి, రోజూ బ్యాకప్ అవుతోందన్న ధీమాతో పాత ఫోన్‌ను చెరిపేయకండి. 2021లో ఐఫోన్ నుంచి ఆండ్రాయిడ్‌కు, 2022లో ఆండ్రాయిడ్ నుంచి ఐఫోన్‌కు చాట్‌లను నేరుగా తరలించే అధికారిక మార్గాలు వచ్చాయి. ఐఫోన్‌కు వెళ్లేవారు పాత ఆండ్రాయిడ్ ఫోన్‌లో ఆపిల్ సంస్థ ఇచ్చే 'మూవ్ టు ఐఓఎస్' యాప్ వేసుకుని, రెండు ఫోన్లనూ చార్జింగ్‌లో ఉంచి, ఒకే వై-ఫైకి కలిపి ఈ పని చేయాలి. ఇందులో అసలు మెలిక ఏమిటంటే, కొత్త ఐఫోన్‌ను మొదటిసారి సెటప్ చేస్తున్నప్పుడే ఇది జరగాలి. ఉత్సాహంలో సెటప్ పూర్తి చేసి నాలుగు రోజులు వాడిన తరువాత చాట్‌లు కావాలనుకుంటే, ఫోన్‌ను మొత్తం చెరిపి మళ్లీ మొదలుపెట్టవలసిందే. అందుకని దుకాణంలో సిబ్బంది సెటప్ చేసిస్తామన్నా ఒప్పుకోకుండా, పెట్టె ఇంటికి తెచ్చుకుని తీరిగ్గా చేసుకోవడం మేలు. ఎదురు దారిలో, అంటే ఐఫోన్ నుంచి ఆండ్రాయిడ్‌కు, రెండు ఫోన్లనూ కేబుల్‌తో కలిపి తెర మీది క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే చాట్‌లు వస్తాయి. రెండు దారుల్లోనూ ఫోన్ నంబరు మారకూడదు.

ఐఫోన్ వదిలేవారు మరచిపోకూడని పని, ఐఫోన్ల మధ్య సందేశాలు పంపే ఐమెసేజ్‌ను ఆపివేయడం. సిమ్ తీయకముందే సెట్టింగ్స్‌లో దాన్ని ఆపకపోతే, ఐఫోన్ వాడే మిత్రులు పంపే సందేశాలు మీ కొత్త ఫోన్‌కు రాకుండా ఆపిల్ ఖాతాకే వెళుతుండవచ్చు. పాత ఫోన్ ఇప్పటికే చేయి దాటిపోయి ఉంటే, ఆ నంబరును తొలగించుకునేందుకు ఆపిల్ 2014 నుంచి ఒక వెబ్ పేజీ నడుపుతోంది.

చేతి గడియారం సంగతి అంతకంటే ఖరీదైనది. ఆపిల్ వాచ్ ఆండ్రాయిడ్ ఫోన్‌తో పనిచేయదు. 2021లో వచ్చిన గెలాక్సీ వాచ్ 4, ఆ తరువాతి సామ్‌సంగ్ వాచ్‌లు, గూగుల్ పిక్సెల్ వాచ్ ఐఫోన్‌తో పనిచేయవు. ఫోన్ ధర చూసి బాగుందనుకున్న బేరం, వాచ్ కూడా మార్చవలసి వచ్చేసరికి తలకిందులవుతుంది. వాచ్ మీద ఇటీవలే ఖర్చు పెట్టినవారికి నేనిచ్చే సలహా సూటిగా ఒక్కటే: ఈసారికి మారకండి. ఇయర్‌ఫోన్‌ల విషయంలో ఇంత పట్టింపు లేదు. ఎయిర్‌పాడ్స్ ఆండ్రాయిడ్‌లో మామూలు బ్లూటూత్ ఇయర్‌ఫోన్‌లుగా పనిచేస్తాయి, కొన్ని ప్రత్యేక సౌకర్యాలు మాత్రం పోతాయి.

డబ్బు పెట్టి కొన్న యాప్‌లు ఒక స్టోర్ నుంచి మరో స్టోర్‌కు రావు. నెలవారీ చందాలు దానికి భిన్నం: పాత స్టోర్ ద్వారా కట్టినవి, ఫోన్ మారినా, మీరు రద్దు చేసేదాకా అక్కడ కట్ అవుతూనే ఉంటాయి.

ఇక ఎంపికకు వద్దాం. ముందు పాత ఫోన్ సెట్టింగ్స్‌లో స్టోరేజ్ ఎంత నిండిందో చూడండి. ఆండ్రాయిడ్‌లో మెమరీ కార్డు మీద ఆధారపడినవారు ఆ కార్డులో ఉన్నదాన్ని కూడా కలపాలి, ఎందుకంటే ఐఫోన్‌లో కార్డు పెట్టే చోటు లేదు. క్లౌడ్‌లో ఉచితంగా దొరికేది ఆపిల్ దగ్గర 5 జీబీ, గూగుల్ దగ్గర 15 జీబీ. ఆ 15లోనే మెయిల్, డ్రైవ్, ఫోటోలు మూడూ సర్దుకోవాలి. ఈ పరిస్థితిలో ఈ ఏడాది మోడల్‌ను అతి తక్కువ స్టోరేజ్‌తో కొనడం కంటే, నిరుటి మోడల్‌ను 256 జీబీతో తీసుకోవడమే తెలివైన పని అని నా అభిప్రాయం. నిరుటి కెమెరాకూ ఈ ఏటి కెమెరాకూ తేడా కనిపెట్టడానికి మేమే ఫోటోలను పక్కపక్కన పెట్టి పెద్దవి చేసి చూస్తుంటాం. నిండిపోయిన స్టోరేజ్ మాత్రం ఎవరూ చూపించకుండానే కనిపిస్తుంది.

అయితే వెనక్కి వెళ్లడానికీ ఒక హద్దు ఉంది. ఐఫోన్‌లలో 2023లో వచ్చిన 15 సిరీస్ నుంచే యూఎస్‌బీ-సి పోర్టు ఉంది. అంతకుముందు మోడల్ కొంటే మీ ఆండ్రాయిడ్ చార్జర్ కేబుల్‌లు ఏవీ దానికి సరిపోవు. అప్‌డేట్‌ల విషయానికి వస్తే, పిక్సెల్ 8, గెలాక్సీ ఎస్24 సిరీస్‌లకు ఏడేళ్లపాటు ఇస్తామని వాటి తయారీదారులు ప్రకటించారు. ఐఫోన్‌ల వైపు చూస్తే, 2018లో వచ్చిన ఎక్స్‌ఆర్‌కు 2024లో వచ్చిన ఐఫోన్ ఆపరేటింగ్ సిస్టమ్ ఐఓఎస్ 18 కూడా అందింది. కనుక ఐఫోన్‌కు అప్‌డేట్‌లు ఎక్కువ కాలం వస్తాయన్న పాత వాదం ఖరీదైన ఆండ్రాయిడ్ ఫోన్ల ముందు నిలవదు. చవక ఆండ్రాయిడ్ ఫోన్లలో ఈ హామీ మోడల్‌ను బట్టి మారుతుంది కాబట్టి, కొనబోయే మోడల్ పేరుతోనే వెతికి చూసుకోండి.

కొనే ముందు ఫోన్‌ను కాసేపు చేతిలో పట్టుకుని 'వెనక్కి' వెళ్లడం ప్రయత్నించండి. ఆండ్రాయిడ్‌లో జెస్చర్లు, అంటే తెర మీద వేలిని జరిపే కదలికలు, వాడేవారికి తెర ఎడమ, కుడి అంచుల్లో దేని నుంచి లోపలికి జరిపినా వెనక్కి వెళ్లడం అలవాటు. ఐఫోన్‌లో ఆ కదలిక ప్రధానంగా ఎడమ అంచు నుంచే, అదీ అన్ని యాప్‌లలోనూ ఒకేలా ఉండదు. వినడానికి చిన్న విషయమే అయినా, మారినవారిని మొదటి వారాల్లో ఎక్కువగా విసిగించేది ఇదే.

పాత ఫోన్‌ను వెంటనే అమ్మకండి. రెండంచెల ధ్రువీకరణ కోడ్‌లు, అంటే పాస్‌వర్డ్ తరువాత అడిగే కోడ్‌లు, ఇచ్చే యాప్ అందులోనే ఉంటే, ఒక్కొక్క ఖాతాలోకీ కొత్త ఫోన్ నుంచి వెళ్లి చూసి, అన్నీ తెరుచుకుంటున్నాయని నిర్ధారించుకునేదాకా అది మీ దగ్గరే ఉండాలి. ఆ తరువాత ఐఫోన్ అయితే పోయిన ఫోన్‌ను వెతికే 'ఫైండ్ మై' ఆపి, ఐక్లౌడ్ నుంచి బయటికి వచ్చి, అప్పుడు చెరపండి. ఆండ్రాయిడ్ అయితే ముందు గూగుల్ ఖాతాను తొలగించి, ఆపైన రీసెట్ చేయండి. ఈ వరుస తప్పితే, కొన్నవారు ఫోన్ ఆన్ చేయగానే అది మీ పాస్‌వర్డ్ అడగవచ్చు.