నీళ్లు సరే, గంటల లెక్క చెప్పండి

అందరికీ నమస్కారం. వేదిక మీదున్న పెద్దల పేర్లన్నీ ఇందాకే చదివారు కాబట్టి నేను మళ్లీ చదవను, ఆ రెండు నిమిషాలు కూడా నాకు కావాలి.

గ్రీన్ హైడ్రోజన్, అంటే ఎండ, గాలి లాంటి వాటి కరెంటుతో నీటిని విడగొట్టి తీసే హైడ్రోజన్, అనగానే నీళ్లున్నాయి, ఎండ ఉంది, ఇంకేం కావాలి అంటారు. నీళ్ల ఖర్చు ఇందులో చాలా చిన్నదండీ. కిలో హైడ్రోజన్‌కి రసాయన లెక్కలో 9 లీటర్లు, శుద్ధి చేసేటప్పుడు పోయేదానికి ఇంకొన్ని వేసుకోండి, అంతే. అసలు ఖర్చంతా కరెంటుది. కిలోకి 39 యూనిట్ల శక్తి పెట్టక తప్పదు, అది ప్రకృతి గీసిన గీత. నిజంగా నడిచే ప్లాంట్లలో 50 నుంచి 55 పడుతుంది. 2021లో అమెరికా ఇంధన శాఖ పదేళ్లలో కిలో ఒక్క డాలరుకి తేవాలని లక్ష్యం పెట్టుకుంది. ఆ డాలరుని 50 యూనిట్లకి పంచి చూడండి, యూనిట్‌కి 2 సెంట్లు. అంటే కరెంటు అంత చవగ్గా దొరికినా డాలరంతా దానికే పోతుంది, యంత్రానికీ మనుషులకీ వడ్డీకీ పైసా మిగలదు.

వడ్డీ అన్నాను కదా, నా బాధంతా అక్కడే. కొన్నేళ్ల కిందట ఒక ప్రాజెక్టు రిపోర్టు చూసే కమిటీలో నేనూ ఉన్నాను, ఎవరిదో వద్దులెండి. కరెంటు ధర దగ్గర మిట్టమధ్యాహ్నపు సోలార్ ధర వేశారు, ఎలక్ట్రోలైజర్, అదే నీటిని విడగొట్టే యంత్రం, నడిచే గంటల దగ్గర ఏడాదికి 8,000 అని వేశారు. ఏడాదిలో ఉన్నవే 8,760 గంటలు! "రాత్రి కరెంటు ఎక్కడిదండీ?" అని అడిగాను. "అది చిన్న విషయం, తర్వాత చూద్దాం" అన్నారు. మీటింగ్ మినిట్స్‌లో నా ప్రశ్న లేదు. రాసి పంపాను, రెండోసారీ లేదు.

అది చిన్న విషయం కాదు. సోలార్ ఒక్కటే అయితే ఎండ బాగా కాసే చోట కూడా పూర్తి సామర్థ్యంతో నడిచే లెక్కన ఏడాదికి 2,000 గంటలు, కాస్త అటూ ఇటూ. అదే యంత్రం, అదే అప్పు, చేతికొచ్చే హైడ్రోజన్ మాత్రం నాలుగో వంతు. కిలో మీద పడే యంత్రం ఖర్చు నాలుగింతలు. ఇంత తేడా ఒక్క గడిలో కప్పేశారు, ఇప్పటికీ నాకు నిద్ర పట్టదు.

రాత్రికి గ్రిడ్ ఉందిగా అంటారా? బొగ్గు కరెంటు అయితే యూనిట్‌కి దాదాపు కిలో కార్బన్ డయాక్సైడ్, 50 యూనిట్లకి, అంటే కిలో హైడ్రోజన్‌కి, 50 కిలోలు. సహజ వాయువు నుంచి తీసే మామూలు హైడ్రోజన్‌కి దాదాపు 10 కిలోలే! ఇక్కడ ఇంజినీర్లున్నారు, బ్యాంకుల వాళ్లున్నారు, మీరు చెప్పండి, దీన్ని గ్రీన్ అని ఏ నోటితో అంటాం?

నేను దీనికి వ్యతిరేకినని మాత్రం అనుకోకండి. నార్వేలో వెమోర్క్ దగ్గర 1920ల చివర్లోనే జలపాతం కరెంటుతో నీటిని విడగొట్టి ఎరువులకి అమ్మోనియా చేశారు. దశాబ్దాలు నడిచింది. ఎందుకు నడిచింది? కరెంటు చవక, పైగా రాత్రీ పగలూ వచ్చేది. మళ్లీ అదే మాట, గంటలు. గాలినీ ఎండనీ కలిపితే గంటలు పెరుగుతాయి, ఎరువుల ఫ్యాక్టరీ పక్కనే పెడితే రవాణా బెడద తప్పుతుంది, అలాంటి చోట నేనే ముందుండి సంతకం పెడతాను.

బెల్లు కొట్టారు, ఆపుతాను. మీలో ఎవరి దగ్గరైనా ప్రాజెక్టు రిపోర్టు ఉంటే టీ టైమ్‌లో పట్టుకురండి, ఆ గంటల పేజీ తీసి కూర్చుందాం.