సెకండ్ హ్యాండ్ బండి: తాళం చేతికి వచ్చాక

యాంకర్: అన్నా, నేరుగా విషయంలోకి వెళ్దాం. డీలర్ దగ్గర పాత బైకు ఒకటి నచ్చింది. "నడిపి చూసుకోండి" అని తాళం చేతిలో పెట్టాడు. మొట్టమొదట ఏం చేయాలి?

మెకానిక్: వెంటనే స్టార్ట్ చేయకు తమ్ముడూ. ముందు ఇంజన్ దగ్గరికి చేయి పోనిచ్చి చూడు, తగిలించకుండా. చల్లగా ఉందా, వేడిగా ఉందా?

యాంకర్: వేడిగా ఉంటే తప్పేముంది? మనం వస్తున్నామని ఒకసారి స్టార్ట్ చేసి పెట్టారేమో కదా.

మెకానిక్: నా భయం అదే. పిస్టన్ చుట్టూ ఉండే రింగులు అరిగిన ఇంజనైనా, బ్యాటరీ వీకైన బండైనా చల్లగా ఉన్నప్పుడే మొండికేస్తుంది. ఒకసారి వేడెక్కిందంటే మామూలుగానే స్టార్ట్ అవుతుంది. నేను పని నేర్చుకునే రోజుల్లో కొన్న బండి అలాంటిదే. నేను వెళ్లేసరికే ఇంజన్ ఆన్‌లో ఉంది. నడిపి చూశాను, బాగుంది, డబ్బు కట్టి తెచ్చుకున్నాను. మర్నాడు పొద్దున ఎన్ని కిక్కులు కొట్టినా స్టార్ట్ కాలేదు. విప్పి చూస్తే రింగులు అరిగిపోయి కంప్రెషన్, అంటే ఇంజన్ లోపల ఉండాల్సిన ఒత్తిడి, లేదు. చాలా బాధపడ్డాను. అప్పటినుంచి ఎవరు అడిగినా ఒకటే చెప్తున్నాను: వెళ్లే ముందే ఫోన్ చేసి "నేను వచ్చేదాకా స్టార్ట్ చేయకండి" అని అడగండి. అయినా వేడిగా ఉంటే, చల్లారాక వస్తానని చెప్పి వచ్చేయండి.

యాంకర్: సరే, చల్లగానే ఉంది. స్టార్ట్ చేశాం.

మెకానిక్: ఇప్పుడు సైలెన్సర్ వైపు చూడు. మొదట్లో కాస్త తెల్లటి ఆవిరి వచ్చి, ఇంజన్ వేడెక్కేకొద్దీ పోయిందనుకో, అది లోపలి తేమ, దానికి టెన్షన్ పడక్కర్లేదు. నీలం రంగు పొగ ఆగకుండా వస్తుంటే మాత్రం ఇంజన్ ఆయిల్ తాగుతోందని అర్థం. రింగులో, వాల్వుల దగ్గర ఆయిల్ దిగకుండా ఆపే సీల్సో పోయుంటాయి. నల్ల పొగైతే పెట్రోల్ ఎక్కువగా మండుతోంది. అది చాలాసార్లు ట్యూనింగ్‌తోనో, ఎయిర్ ఫిల్టర్ మారిస్తేనో సరిపోతుంది. నీలం పొగ అలా కాదు, ఇంజన్ విప్పాల్సిందే.

యాంకర్: ఇక రోడ్డెక్కుదామా?

మెకానిక్: ఒక్క నిమిషం. హెల్మెట్ పెట్టుకున్నావా, లైసెన్స్ ఉందా, బండికి ఇన్సూరెన్స్ నడుస్తోందా? టెస్ట్ రైడ్‌లో పడితే నష్టం ఎవరు భరించాలో ముందే అడుగు. కదిలిన పది అడుగుల్లోనే రెండు బ్రేకులూ పట్టి చూడు. అవి పనిచేస్తేనే గేటు దాటు.

యాంకర్: నేనైతే గేటు దాటగానే పికప్ చూస్తాను.

మెకానిక్: అందరూ చేసేది అదే. గట్టిగా లాగితే సరదా వస్తుంది, ఆ సరదాలో చప్పుళ్లు వినపడవు. నువ్వు నెమ్మదిగా నడుపు. ఒక్కో గేరు మారుస్తూ చూడు, పడ్డ గేరు దానంతటదే బయటికి వచ్చేస్తోందా అని. తర్వాత ఖాళీ రోడ్డు మీద, తక్కువ స్పీడులోనే పై గేరులోకి వెళ్లి ఎక్సలేటర్ తిప్పు. ఇంజన్ చప్పుడు పెరిగి స్పీడు పెరగలేదంటే క్లచ్ ప్లేట్లు అరిగి జారుతున్నాయి. కింది గేర్లలో ఇది దొరకదు, ఆ గేర్లలో క్లచ్ మీద అంత బరువు పడదు.

యాంకర్: బండి ఒక పక్కకి లాగుతుంటే?

మెకానిక్: చేతులు పూర్తిగా వదిలేసి చూస్తారు కొందరు. దయచేసి ఆ పని చేయొద్దు. పట్టు వదులు చేస్తే చాలు, తెలిసిపోతుంది. లాగుతుంటే వెనక చక్రం తిన్నగా బిగించలేదేమో, లేదా ఎక్కడో గుద్దుకుని ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కు వంగిందేమో. ముందు బ్రేకు మెల్లగా పట్టినప్పుడు లివర్ వేళ్ల కింద కొట్టుకుంటుంటే డిస్కు వంగినట్టు. ఇవన్నీ వేళ్లకి తెలియాలి, చెవికి తెలియాలి. డీలర్ మనిషి వెనక కూర్చుని మాట్లాడుతూనే ఉంటే కాసేపు ఆగమని అడుగు. నీ ఫ్రెండ్ కూర్చున్నా అంతే.

యాంకర్: ఎంతసేపు నడపాలి? చాలామంది షాపు ముందే ఒక రౌండ్ కొట్టమంటారు.

మెకానిక్: అది చాలదు. ఇంజన్ పూర్తిగా వేడెక్కాలి, కనీసం పది పదిహేను నిమిషాలు. కొన్ని లోపాలు వేడి మీదే బయటపడతాయి. తిరిగొచ్చాక ఆపి, ఐదు నిమిషాలాగి మళ్లీ స్టార్ట్ చెయ్యి. కింద ఆయిల్ చుక్కలు పడ్డాయేమో చూడు. ముందు ఫోర్కు రాడ్లు వేలితో తుడువు, ఆయిల్ అంటితే సీల్ పోయింది. సెంటర్ స్టాండ్ వేసి, ముందు చక్రం పైకి లేపి, హ్యాండిల్ నెమ్మదిగా అటూ ఇటూ తిప్పు. సరిగ్గా మధ్యలో పట్టేసినట్టు ఆగితే కోన్‌సెట్, అంటే హ్యాండిల్ తిరిగే చోట ఉండే బేరింగులు, మార్చాలి. టైరు పక్కన నాలుగంకెల తేదీ ఉంటుంది. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందన్నమాట.

యాంకర్: అసలు నడపనివ్వం, కావాలంటే వీడియో చూపిస్తాం అంటే?

మెకానిక్: డిపాజిట్ కట్టమంటే రసీదు తీసుకుని కట్టు, అందులో తప్పులేదు. అస్సలు నడపనివ్వనంటే ఆ బండి కొనకు తమ్ముడూ.

యాంకర్: నడిపాం, అన్నీ బాగున్నాయి. సంతకం పెట్టేయొచ్చా?

మెకానిక్: ఛాసిస్ నంబరు, ఇంజన్ నంబరు కాగితాల్లో ఉన్నవే బండి మీద కూడా ఉన్నాయా? ఒక్కో అంకె పోల్చుకుని, అప్పుడు పెట్టు.