గవర్నమెంటు లాయరంటే ఎవరు?

శ్రోతలకు నమస్కారం.

నేను లాయర్ని కాను. తిరుపతిలో 30 ఏళ్లు లెక్కలు చెప్పి రిటైరైన టీచర్ని. కోర్టు మెట్లు ఎక్కింది ఒకే ఒక్క కేసు కోసం. అదీ నాది కాదు.

మా వీధిలో పూలమ్మే ఒకావిడ ఉంది. గోవిందరాజస్వామి గుడి దగ్గర గంప పెట్టుకుంటుంది. ఒకరోజు పొద్దున్నే తలుపు కొట్టింది. "సార్, మా పిల్లోన్ని పోలీసులు పట్టకపోయినారు. బస్టాండులో సెల్‌ఫోను ఎత్తినాడంట. కోర్టుకు కొంచెం తోడు రాండి సార్" అంది. నా దగ్గర చదువుకున్న పిల్లవాడు. కాదనలేకపోయాను.

అరెస్టు చేసిన మనిషిని 24 గంటల్లోగా మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి. హాజరుపరిచారు. "లాయరు ఉన్నారా?" అని మేజిస్ట్రేటు అడిగారు. వాడు తల ఊపాడు. లేడయ్యా, ఎవరూ లేరు! భయంతో ఊపాడు. క్లాసులోనూ అంతే, అర్థమైందా అంటే అర్థం కాకపోయినా తల ఊపేవాడు. రిమాండ్ అన్నారు, జైలుకు తీసుకెళ్లారు. మొత్తం ఐదు నిమిషాలు పట్టిందేమో.

ఆవిడకు ఎవరో చెప్పారు, గవర్నమెంటు లాయరు డబ్బులు తీసుకోడు, ఆయన్ను పట్టుకోమని. వరండాలో ఫైళ్లు చంకన పెట్టుకుని వస్తున్న ఒకాయన్ను అందరూ "ఏపీపీ సార్" అంటున్నారు. ఈవిడ వెళ్లి చేతులు పట్టుకున్నంత పని చేసింది. "సామీ, మా పిల్లోనికి బెయిలు ఇప్పిచ్చండి."

ఆయన ఆగి, నెమ్మదిగా చెప్పాడు. "అమ్మా, మీవాడి మీద కేసు నడిపేదే నేను. నేను అటువైపు."

ఆవిడ నా వైపు తిరిగి, "ఏంది సార్ ఇది, సర్కారు లాయరే మనకి ఎదురు మాట్లాడతాడంట!" అంది.

ఈ తికమక ఆవిడ ఒక్కదానిదే కాదు, నాదీ అదే. గవర్నమెంటు లాయరని మనం ఇద్దరిని అంటాం. ఒకరు ప్రభుత్వం తరఫున కేసు నడిపే ప్రాసిక్యూటరు. పెద్ద నేరాలు విచారించే సెషన్స్ కోర్టులో అయితే పబ్లిక్ ప్రాసిక్యూటరు, అంటే పీపీ. మేజిస్ట్రేటు కోర్టులో అయితే అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటరు, అంటే ఏపీపీ. పిల్లల మీద లైంగిక నేరాలకు పెట్టే పోక్సో వంటి కేసులకు స్పెషల్ పీపీలు వేరే ఉంటారు. బాధితులు కావాలంటే సొంత లాయర్ని పెట్టుకోవచ్చు, కానీ ఆయన పీపీకి సాయం మాత్రమే, పగ్గాలు పీపీ చేతిలోనే ఉంటాయి. అలాగని పీపీ పోలీసుల లాయరు అనుకోకండి. ఎలాగైనా శిక్ష వేయించడం ఆయన పని కాదు, కోర్టు ముందు నిజం పెట్టడం ఆయన పని. అందరూ అలాగే ఉంటారా అంటే, నేను చూసింది ఒక్కరినే.

రెండో గవర్నమెంటు లాయరు ఉచిత న్యాయసహాయం లాయరు. మనవైపు నిలబడేది ఈయన. 1987లో చేసిన లీగల్ సర్వీసెస్ చట్టం 1995 నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం కస్టడీలో ఉన్న మనిషికి ఆదాయంతో పని లేకుండా లాయర్ని ఇవ్వాలి. ఆడవాళ్లకు, పిల్లలకు, ఎస్సీ ఎస్టీలకు కూడా అంతే. ముంబై దాడుల కసబ్‌కు కూడా లాయర్ని పెట్టారు కదా! ఆ కేసు తీర్పులోనే, 2012లో, సుప్రీంకోర్టు ఒక మాట గట్టిగా చెప్పింది. మనిషిని మొదటిసారి తీసుకొచ్చిన రోజే, లాయరు నీ హక్కు, డబ్బు లేకపోతే ఉచితంగా ఇస్తామని మేజిస్ట్రేటు చెప్పాలి.

అందుకే ఈరోజు నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే. లాయరు ఉన్నాడా అని అడిగితే తల ఊపొద్దు. మీ పిల్లలకూ చెప్పండి, తల ఊపొద్దు. "నాకు లాయరు లేడు, పెట్టించండి" అని నోరు తెరిచి చెప్పాలి.

మా పూలావిడకు దారి చూపించింది ఆ ఏపీపీ గారే. కోర్టు ఆవరణలోనే ఉన్న న్యాయసేవాధికార సంఘం ఆఫీసుకు పంపాడు. ఒక కాగితం రాసిచ్చాం, ఒక అమ్మాయిని లాయరుగా ఇచ్చారు. చిన్న వయసు, నల్లకోటు ఇంకా కొత్త వాసన వస్తోంది. నాకు నమ్మకం కుదరలేదు, నిజం చెప్పాలి. ఆ అమ్మాయి మాత్రం ముందు జైలుకు వెళ్లి పిల్లవాడితో అరగంట మాట్లాడి వచ్చింది. నాలుగో రోజున బెయిలు వచ్చింది. ఏపీపీ అభ్యంతరం చెప్పాడు, అది ఆయన పని. బెయిలు వచ్చినా వాడు వెంటనే బయటికి రాలేదు. ఇద్దరు జామీనుదారులు కావాలి. ఇంటి పన్ను రసీదు పట్టుకుని నేనొకణ్ని నిలబడ్డాను. రెండో మనిషి దొరకడానికి ఇంకో రెండు రోజులు పట్టింది.

పెన్ను దగ్గరుంటే ఒక నంబరు రాసుకోండి. 15100. మళ్లీ చెబుతున్నాను, ఒకటి, ఐదు, ఒకటి, సున్నా, సున్నా. న్యాయసహాయం కోసం దేశమంతటా ఇదే నంబరు.

కేసు ఇంకా నడుస్తోంది. వచ్చే శుక్రవారం వాయిదా. ఆవిడ మళ్లీ తోడు రమ్మంది. వెళ్లాలి.

నమస్కారం.