సీలు తీయని పొట్లం ఎక్కడ? పంటి ఆస్పత్రిలో ఏం చూడాలి

(తెర మీద: శ్రీకాకుళం, ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర ఒక డెంటల్ క్లినిక్. కెమెరా కుర్చీని, ఏసీని, గోడమీది నవ్వుల పోస్టర్‌ని దాటి ట్రే మీద ఆగుతుంది. ట్రేలో ఒకవైపు కాగితం, ఒకవైపు ప్లాస్టిక్ ఉన్న పొట్లం.)

వాయిస్: లోపలికి అడుగు పెట్టగానే మన కళ్లు కుర్చీ మీద, ఏసీ మీద పడతాయి. డబ్బుంటే అవి ఎవరైనా కొనొచ్చు. చూడాల్సింది ఈ పొట్లం. ఇందులో నోట్లో పెట్టే చిన్న అద్దం, పంటిని తడిమి చూసే సన్న మొన ప్రోబు, ట్వీజర్ ఉన్నాయి. మీరు కుర్చీలో కూర్చున్నాక, మీ కళ్లెదుటే దీన్ని చింపాలి. ముందే చింపి ట్రేలో పరిచి ఉంచితే, అవి మీకోసం తీసినవో, ఇందాకటి మనిషికి తీసినవో తేల్చే దారి లేదు.

(దగ్గరగా: పొట్లం అంచున రంగు మారిన గుర్తు.)

వాయిస్: ఆటోక్లేవ్ అంటే పీడనంతో కూడిన ఆవిరితో క్రిముల్ని చంపే మెషిన్. దాని వేడి తగిలితే ఈ గుర్తు రంగు మారుతుంది. ఏ రంగుకి మారాలో పక్కనే అచ్చు వేసి ఉంటుంది. అయితే ఇది చెప్పేది వేడి తగిలిందని మాత్రమే, క్రిములు చచ్చాయని కాదు. అది తేలాలంటే స్పోర్ టెస్ట్ చేయాలి. స్పోర్లంటే బ్యాక్టీరియా గట్టి తొడుగు కట్టుకున్న రూపం. వేడికి ఓ పట్టాన లొంగని ఆ స్పోర్లున్న చిన్న గొట్టాన్ని పొట్లాలతోపాటు ఆటోక్లేవ్‌లో పెడతారు. తర్వాత దాన్ని పొదిగి, బ్యాక్టీరియా పెరుగుతుందేమో చూస్తారు. పెరిగిందంటే ఆ మెషిన్ పని చేయనట్టే. ఇది వారానికోసారి జరగాలి. "ఆఖరుసారి స్పోర్ టెస్ట్ ఎప్పుడు చేశారండీ?" అని అడగండి. రిజిస్టర్ తీసి తేదీ చూపించేవాళ్లూ ఉంటారు, మొహం చిట్లించేవాళ్లూ ఉంటారు. తేడా మీకే తెలుస్తుంది.

(తెర మీద: వెనక గది. సింకు, అల్ట్రాసోనిక్ క్లీనర్, ఆటోక్లేవ్.)

వాయిస్: అసలు పరీక్ష ఈ గదిలో ఉంది. ముందు కడగాలి, తర్వాతే ఉడికించాలి. రక్తం ఎండి పట్టేస్తే ఆవిరి దాని కిందకి చేరదు. అందుకే వాడిన పరికరాలు ధ్వని తరంగాలతో మురికి వదిలించే అల్ట్రాసోనిక్ క్లీనర్లో పడి, కడిగి, ఆరాకే పొట్లంలోకి వెళ్లాలి.

మామూలు ఆటోక్లేవ్‌లో పొట్లం కట్టిన సరుకుకి 121 డిగ్రీలు, 15 పౌండ్ల పీడనం దగ్గర 30 నిమిషాలు పడుతుంది. గాలిని పంపుతో లాగేసే క్లాస్ బి రకంలో 134 డిగ్రీల దగ్గర మూడు నాలుగు నిమిషాలు చాలు. చిన్న క్లినిక్కుల్లో ప్రెషర్ కుక్కర్‌లాంటి ఆటోక్లేవ్ ఉంటుంది. దాంతో ఎక్కువగా జరిగే పొరపాటు ఒకటుంది. లోపలి గాలి పూర్తిగా బయటికి పోకముందే వాల్వు మూసేస్తారు. ముల్లు 15 చూపిస్తుంది, లోపల వేడి మాత్రం 121కి చేరదు. గాలి, ఆవిరి కలిసిపోతే పీడనానికీ వేడికీ పొత్తు కుదరదు. పప్పు ఉడకకపోతే తింటే తెలుస్తుంది. ఇది తెలియదు.

మధ్యలో కరెంటు పోతే సైకిల్ మొదటినుంచీ మళ్లీ నడపాలి, పోయిన నిమిషాలు లెక్కలోకి రావు. నీళ్ల సంగతీ అంతే. బోరు నీళ్లు పోస్తే హీటర్ మీద సున్నం పేరుకుంటుంది, వాల్వులు పట్టేస్తాయి. డిస్టిల్డ్ వాటరే పోయాలి. పొట్లాలను దొంతరగా పేర్చకూడదు, అంచు మీద నిలబెట్టాలి. తడిగా బయటికొచ్చిన పొట్లం చెల్లదు. తడిసిన కాగితం క్రిముల్ని లోపలికి పీల్చేస్తుంది.

(దగ్గరగా: నీలం లైటు వెలిగే యూవీ బీరువా.)

వాయిస్: ఈ నీలం లైటు చూసి మురిసిపోకండి. ఇది శుభ్రమైన వాటిని దాచుకునే బీరువా మాత్రమే. వెలుతురు పడని వైపు అది చేసేదేమీ ఉండదు. మరిగే నీళ్లకి స్పోర్లు చావవు. క్రిముల్ని చంపే రసాయనం, రెండు శాతం గ్లుటరాల్డిహైడ్ ద్రావణంలోనైతే పది గంటలు నానాలి. ఇద్దరు పేషెంట్ల మధ్య పది నిమిషాలు ముంచి తీస్తే అది ఒట్టి స్నానం.

(దగ్గరగా: చేతిలో ఎయిరోటర్ హ్యాండ్‌పీస్. లోపలి సన్న గొట్టాలు బొమ్మలో.)

వాయిస్: గుయ్యిమని పన్ను తొలిచే పరికరం ఇదే. లోపల బోలు గొట్టాలుంటాయి. తిరగడం ఆగిన క్షణంలో నోట్లోని ఉమ్మిని, రక్తాన్ని వెనక్కి పీల్చుకోగలదు. పైపైన స్పిరిట్ దూదితో తుడిస్తే లోపలిది లోపలే ఉండిపోతుంది. మనిషికొకటి చొప్పున ఆటోక్లేవ్ అయి రావాలి. ఇక్కడ చిన్న లెక్క వేయండి. కడగడం, నూనె వేయడం, సైకిల్, ఆరడం, చల్లారడం అన్నీ కలిపి ఇంచుమించు గంట. సాయంత్రం మూడు గంటల్లో పదిమందికి పళ్లు తొలిచే చోట హ్యాండ్‌పీసులు రెండే ఉంటే ఏం జరుగుతోందో వేరే చెప్పాలా?

ఆ హ్యాండ్‌పీసుకి నీళ్లు తెచ్చే పైపులు చాలా సన్నం. నిలవుండే నీళ్లలో బ్యాక్టీరియా పాచిలా పట్టుకుంటుంది. అందుకే పేషెంటుకీ పేషెంటుకీ మధ్య 20 నుంచి 30 సెకన్లు నీళ్లు వదిలేయాలి. జ్ఞానదంతం కోసం ఎముక కోసేటప్పుడైతే ఆ నీళ్లు పనికిరావు, స్టెరైల్ సెలైన్ వాడాలి.

(తెర మీద: మత్తు మందు సీసా, సిరంజి.)

వాయిస్: మత్తు మందు మన దగ్గర ఎక్కువగా 30 మిల్లీలీటర్ల సీసాలో వస్తుంది. చాలామంది పంచుకునే సీసా అన్నమాట. ప్రమాదం సీసాలో లేదు, అందులోకి దిగే సూదిలో, సిరంజిలో ఉంది. మత్తు చాలలేదని సూది ఒక్కటే మార్చి అదే సిరంజితో మళ్లీ లాగితే, సిరంజిలో చేరిన రక్తం సీసాలోకి వెళ్తుంది. అక్కణ్నుంచి హెపటైటిస్ బి, సి తర్వాతివాళ్లకి పోతాయి. ప్రతిసారీ కొత్త సిరంజి, కొత్త సూది ఉండాలి. సీసా తెరిచిన తేదీ దానిమీద రాసి ఉండాలి.

(వేగంగా మారే దృశ్యాలు.)

వాయిస్: గ్లౌజుల చేత్తో ఫోన్ ఎత్తితే ఆ గ్లౌజులు మార్చాల్సిందే. డిజిటల్ ఎక్స్‌రే సెన్సార్‌ని ఆటోక్లేవ్‌లో పెట్టలేరు, కాబట్టి దాని ప్లాస్టిక్ తొడుగు మనిషికొకటి. చెత్త డబ్బాలు చూడండి. రక్తం దూది పసుపులోకి, గ్లౌజులు ఎరుపులోకి, సూదులు గుచ్చుకోని తెల్ల డబ్బాలోకి, గాజు సీసాలు నీలంలోకి. ఇవి 2016 నాటి బయోమెడికల్ వ్యర్థాల నిబంధనలు. సూదులన్నీ మామూలు డస్ట్‌బిన్‌లో కనిపిస్తే అక్కడ మిగతావి అడగక్కర్లేదు. గోడ మీద డాక్టరుగారి డిగ్రీ, డెంటల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. బల్లమీద అక్రిలిక్ ప్లాస్టిక్ కలిపి కట్టుడు పన్నుని పక్కపళ్లకి అంటించేవాళ్ల దగ్గర అవి ఉండవు.

(తెర మీద: రిసెప్షన్. ఒకాయన ఫారం నింపుతున్నాడు.)

వాయిస్: ఇప్పుడు మన జిల్లాకే చెందిన మాట. కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు... కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న ఉద్దానం వైపునుంచి వచ్చిన మనిషిని "కిడ్నీ సమస్య ఉందా, క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్త పరీక్ష) ఎంత?" అని అడగకుండా పన్ను పీకే క్లినిక్ ఎంత మెరిసినా లాభం లేదు. పంటి నొప్పికి చేతికందే డైక్లోఫెనాక్, అసెక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ బిళ్లలు దెబ్బతిన్న కిడ్నీని ఇంకా దెబ్బతీస్తాయి. అలాంటివాళ్లకి మొదట రాసేది పారాసిటమాల్. డయాలసిస్‌లో రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ ఇస్తారు కాబట్టి, పన్ను అదే రోజు కాదు, మర్నాడు తీయాలి. డయాలసిస్ కోసం రక్తనాళాలు కలిపిన ఫిస్టులా ఉన్న చేతికి బీపీ పట్టీ కట్టకూడదు. రక్తం పల్చబడే మాత్రలు వేసుకునేవాళ్లు ముందే చెప్పాలి, సొంతంగా ఆపేయకూడదు.

(తెర మీద: కుర్చీలో ఓ పెద్దావిడ.)

వాయిస్: నొప్పి ఉన్న పన్ను ఒక్కటే చూసి వదిలేస్తే సగం పరీక్షే. నాలుక కింద, బుగ్గల లోపల, అంగిలి కూడా చూడాలి. మన తీరప్రాంతంలో కొందరు ఆడవాళ్లు అడ్డపొగ తాగుతారు, చుట్ట నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని. ఆ సెగ నేరుగా తగిలేది అంగిలికే. అక్కడ తెల్లమచ్చ మధ్య ఎర్రచుక్కలు కనిపించినా, రెండు వారాలైనా మానని పుండు ఉన్నా, క్యాన్సరేమో తేల్చడానికి చిన్న ముక్క తీసి చేసే బయాప్సీకి పంపాలి. నొప్పి ఉండకపోవచ్చు, అందుకే ఎవరూ చెప్పరు.

డాక్టర్: అమ్మా, పై కట్టుడు పళ్లు ఓసారి తియ్యండి.

పెద్దావిడ: ఏటి బాబూ, నొప్పి కింద పంటికి కదా. పైవి తియ్యడం ఎందుకు?

డాక్టర్: వాటి వెనకే అంగిలి ఉందమ్మా. చూడాలి.

(అద్దం పైకి తిరుగుతుంది. లైటు అంగిలి మీద పడుతుంది.)