గరిటెల లెక్క ఉంది, మనుషుల లెక్కేది?

(హనుమకొండలో టెంట్ హౌస్, డెకరేషన్, క్యాటరింగ్ యజమానుల సమావేశంలో చేసిన ప్రసంగం)

వేదిక మీదున్న పెద్దలకు, ముందట కూసున్న అన్నలకు, తమ్ముళ్లకు, వెనుక వరుసల అక్కచెల్లెళ్లకు నమస్కారం. పేర్ల చీటీ నాక్కూడ ఇచ్చిండ్రు గని అధ్యక్షులవారు ఒకసారి చదివిండ్రు, సాలు.

నాకిచ్చిన అంశం 'కరోనా తర్వాత మన వ్యాపారం'. తర్వాతి సంగతి మీకు నాకంటె ఎక్కువ తెల్సు. నేను అప్పటి సంగతే చెప్త. అది ఇంకా తెగలేదు.

2020 ఫిబ్రవరిల మేడారం జాతర అయింది. ఎనిమిదో తారీఖున తల్లులు వనం పోయినంక సామాను లారీలకెక్కించుకొని వచ్చినం. కార్పెట్ల దుమ్ము దులిపినం, చిరిగిన షామియానాలు కుట్టించినం, ఎండాకాలం ముహూర్తాలకు అడ్వాన్సులు తీసుకొని కూసున్నం. మార్చి 22న జనతా కర్ఫ్యూ. 25న ఉగాది, ఆ రోజు నుంచే దేశమంత బంద్. ఏప్రిల్ 2న శ్రీరామనవమి. భద్రాద్రి రాముని కల్యాణమే భక్తులు లేకుండ అయితే మన వాడల పందిరి ఎవరు వేస్తరు? పెండ్లికి యాభై మంది అన్నరు. యాభై మందికి ఇంటి ముందటి అరుగు సాలు, టెంటెందుకు?

పెండ్లోళ్లు అడ్వాన్సు వాపసడిగిండ్రు. అడగరా మరి? ఆ పైసలు మనం అప్పటికే బట్టకు, పైపులకు పెట్టేసినం. కొందరం వాపసిచ్చినం, కొందరం 'పెండ్లి ఎప్పుడైతే అప్పుడు చేసిపెడ్త' అన్నం. ఈ రెండు మాటల నడుమ తెగిన చుట్టరికాలు ఎన్నో మీకే ఎరుక.

ఇగ ఆగస్టు. వారం ముసురు వట్టి, నయీంనగర్ నాలా పొంగి, కాలనీలు మునిగినయి. మన గోదాములన్ని ఏడుంటయి? కిరాయి తక్కువని పల్లంలనే ఉంటయి. కుర్చీలు కడుక్కుంటె అయిపాయె. షామియానా బట్ట తడిస్తె నలుగురు పట్టినా లేవది. ఎండేద్దామంటె ఎండ లేదు. మూడో నాటికి నల్ల సుక్కలు లేస్తయి, ఆ సుక్కలు ఏ సబ్బుకు పోవు. సుక్కలున్న బట్ట కింద ఎవరూ పిల్లనియ్యరు. (నవ్వులు) నవ్వుండ్రి. అప్పుడు నవ్వలేదు.

బ్యాంకు సంగతి చెప్పకుంటె నాకు నిద్ర పట్టది. 2020 మేల కేంద్రం 3 లక్షల కోట్ల గ్యారంటీ రుణాలన్నది. మంచిదే. లెక్కేందంటె, ఫిబ్రవరి 29 నాటికి నీకు ఎంత బాకీ ఉందో దాంట్ల 20 శాతం కొత్తగ ఇస్తరు. బాకీ లేనోనికి? సున్నల 20 శాతం ఎంతనో మీరే చెప్పుండ్రి. అప్పు చేయకుండ బతికినోనికి అప్పు పుట్టలే. వీధి వ్యాపారులకు జూన్ల పదివేల రుణం తెచ్చిండ్రు, వాళ్లకు కావల్సిందే. మనం బండి మీద అమ్మెటోళ్లం కాదు, ఫ్యాక్టరీ ఉన్నోళ్లం కాదు. నడుమ వడ్డం.

ఇంకొకటి, ఇది మాత్రం చెప్పి తీర్త. ఒక ఆఫీసోళ్లు చెక్‌పోస్టుకని నాతోని టెంటు వేయించుకున్నరు. కిరాయి అడిగితె 'విపత్తుల కూడ కిరాయా' అన్నరు. పైపులు వాపసిచ్చిండ్రు, అవి గూడ రెండు తక్కువ. సరే, ఇది కాదు నేను చెప్పొచ్చింది.

చెప్పొచ్చింది ఇది. ఏప్రిల్ల కొందరు దాతలు ముందుకొచ్చిండ్రు. బియ్యం, కందిపప్పు, నూనె, ఉల్లిగడ్డ కట్టిన సంచులిస్తం, మీ దగ్గర పనిచేసెటోళ్ల పేర్లు రాసియ్యుండ్రి అన్నరు. పేరు, తండ్రి పేరో భర్త పేరో, ఉండే వాడ. అంతే. మన సంఘం తరఫున నేనే కూసున్న. ఒక్కొక్కరికి ఫోన్ చేసిన. ఏం వచ్చినయో తెల్సా? 'టెంటు రాజు', 'గడ్డం మాస్టర్', 'జనరేటర్ పిలగాడు', 'బోళ్లక్క కరీమాబాద్'. బోళ్లక్కలే ఎందరో! పెండ్లి పెండ్లికి తెల్లారెదాక బగోనలు తోమిన మనిషి ఇంటిపేరు మనల ఒక్కనికి తెల్వదు. అదే గోదాం రిజిస్టర్ తీయుండ్రి: పెద్ద గంజులు ఎన్ని, మూతలెన్ని, సొట్టవోయినయి ఎన్ని, గరిటెలెన్ని, అన్నీ ఉంటయి. గరిటె పోతె జీతంల పట్టుకుంటం గదా, అందుకే రాసినం.

ఆ పేర్లు ఆఖరుకు ఏడ దొరికినయి? కరీమాబాద్ల ఒక కిరాణం కొట్టుల. ఆయన ఉద్దెర పుస్తకం పొడుగ్గ, ఎర్ర అట్టతోని ఉంటది. పేజీ తిప్పితె ఆ బోళ్లక్క పూర్తి పేరు, భర్త పేరు, కిందికి తారీఖులేసి చాపత్తి, సబ్బు, పావుకిలో నూనె. పని బంద్ పెట్టినంక గూడ రాస్తనే ఉన్నడు. అడిగితె, 'పేరు తెల్వకుంటె ఉద్దెర ఎట్లిస్తనన్నా?' అన్నడు. ఆయన పుస్తకం ముందట పెట్టుకొనే మన సంఘం లిస్టు రాసిన.

2021 మే 12న మళ్ల లాక్‌డౌన్. పొద్దున ఆరు నుంచి పది దాకనే సడలింపు, పెండ్లికి నలభై మంది. అప్పటికి మొదటి లిస్టు ఏడుందని అడిగితె సంఘం ఆఫీసుల దొరకలే. మళ్ల కిరాణపాయన దగ్గరికే పోయిన.

ఆ యేడు ఆగస్టుల ఈ-శ్రమ్ మొదలైంది, అంటే మన దగ్గర పనిచేసెటోళ్ల లెక్క అసంఘటిత కూలీల పేర్లు కేంద్రం రాసుకొని కార్డు ఇచ్చుడు. ఒక తమ్ముడు లేచి నిలబడ్డడు, ఏమడుగుతడో నాకు తెల్సు. పేరు రాస్తె రేపు మన మీదికే వస్తది గదా అని. ఆ భయం అందరి కడుపుల ఉన్నదే. ఆ కార్డుకు యజమాని సంతకం అక్కర్లేదు తమ్మీ. పదహారు నుంచి యాభై తొమ్మిదేండ్ల మనిషి తన ఆధార్, బ్యాంకు పుస్తకం పట్టుకొని తనే చేయించుకుంటది. నువ్వు చేయాల్సిందల్ల ఒక పూట పని ఇడిచిపెట్టుడు. అది గూడ చేస్తలేమా?

బయట బల్ల మీద రిజిస్టర్ పెట్టిన. ఒక్కొక్కరు కనీసం అయిదు పేర్లు రాయాలె, ఇంటిపేరుతోని, వాడతోని. తెల్వకుంటె ఇప్పుడే ఫోన్ చేసి అడుగుండ్రి, వాళ్లేం అనుకోరు. 'బోళ్లక్క' అని రాస్తె నేనే కొట్టేస్త. అధ్యక్షులవారు గంట కొడుతున్నరు, అయిపోయింది, దిగుతున్న. మొదటి పేజీ మీకోసమే ఖాళీ పెట్టిన అధ్యక్షా, పెన్ను గూడ అక్కడ్నే ఉంది.