భీమిలి రోడ్డు, పోటూ పాటూ

తమ్ముడు: అక్కా, విశాఖ వచ్చినవాళ్లు ఆర్కే బీచ్‌లో ముంత మసాలా తిని, కురుసుర సబ్‌మెరైన్ చూసి వెళ్లిపోతారు. నువ్వేమో రోజంతా భీమిలి రోడ్డులోనే తిరగమంటావ్!

అక్క: తిరగండి, కానీ ఆటుపోట్ల టైం చూసుకుని బయల్దేరండి. మంగమారిపేట రాతి తోరణం ఉంది కదా, సముద్రమే తొలిచింది. పోటు మీదుంటే దాని దగ్గరికి పోలేం. పాటు, అంటే నీళ్లు వెనక్కి తగ్గడం, రోజుకి రెండుసార్లు వస్తుంది. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో నీళ్లు ఇంకా వెనక్కెళ్తాయి.

తమ్ముడు: ఫొటో కోసం దాని మీదకే ఎక్కేస్తున్నారు జనం.

అక్క: వద్దు బాబూ! నాచు మీద చెప్పు నిలవదు. జారితే రాయికి అంటుకున్న గుల్లలు మోచెయ్యి చీరేస్తాయి. దానికన్నా కింద కూర్చుని ఇసుక చూడు. అల వెనక్కెళ్లిన చోట నల్ల చార కనిపిస్తే అది చాలావరకు ఇల్మనైట్ అనే ఖనిజం. అందులో మెరిసే ఎర్ర రేణువులు గార్నెట్. మన కొండల ఖొండలైట్ రాయి శిథిలమై, వాన నీళ్లకి కొట్టుకొచ్చినవే. తేలిక ఇసుకని అల లాక్కుపోతుంది, ఇవి బరువు కాబట్టి ఆగిపోతాయి.

తమ్ముడు: ఎర్రమట్టి దిబ్బల ఎరుపూ గార్నెట్‌దేనా?

అక్క: కాదు, అది ఇనుము తుప్పు, రేణువులకి పూతలా పట్టేసింది. వాన నీరు కోసిన ఆ దారుల్లో నడవండి, అంచులెక్కకండి. విరిగిపడతాయి. నడకకి తొట్లకొండ కూడా బాగుంటుంది. బౌద్ధ భిక్షువులు రాతిలో తొలిచిన నీటి తొట్లు ఇప్పటికీ ఉన్నాయి.

తమ్ముడు: మరి లైట్‌హౌస్ చూడాలంటే డాల్ఫిన్స్ నోస్ కొండేగా?

అక్క: అది చూడాల్సిందే. నేవీ ప్రాంతం కాబట్టి ఐడీ కార్డు పెట్టుకుని, టైం కనుక్కుని వెళ్లాలి. నా ఓటు మాత్రం చింతపల్లికి. భీమిలి దాటాక, పూసపాటిరేగ మండలంలో. అక్కడ 1847లోనే దీపం పెట్టారు.

తమ్ముడు: అంత మారుమూలా? ఎందుకని?

అక్క: భీమిలి డచ్చివాళ్ల నాటి రేవు కదా. అక్కడికొచ్చే ఓడలకి దారిలో సముద్రంలోని శాంతపల్లి రాళ్లు అడ్డం. రాత్రిపూట వాటిమీదకి పోకుండా కొండ మీద దీపం.

తమ్ముడు: ఇప్పుడు అటే స్కూబా డైవింగ్‌కి వెళ్తున్నారు!

అక్క: అవును, డబ్బులు కట్టి మరీ!

తమ్ముడు: సరే, ఏది ముందు, ఏది తర్వాత?

అక్క: పొద్దున పాటైతే మంగమారిపేట ముందు, తర్వాత దిబ్బలు, భీమిలి, చింతపల్లి. సాయంత్రం పాటైతే చింతపల్లి నుంచి వెనక్కి రండి. భోజనం ఎటూ భీమిలిలోనే!