సిగ్నల్ గీతలు నిండుగా ఉన్నా నెట్ ఎందుకు రాదు?

హాయ్ అండి, నమస్తే. ఈరోజు రివ్యూ చేస్తున్నది కొత్త ఫోన్‌ని కాదు. ప్రతి ఫోన్‌లోనూ పైన మూల కనిపించే సిగ్నల్ గీతల్ని. వాటిని ఎంతవరకు నమ్మొచ్చో చూద్దాం.

ముందు ఒక విషయం. ఎంత సిగ్నల్‌కి ఎన్ని గీతలు చూపించాలి అన్నదానికి అన్ని కంపెనీలకూ ఒకే లెక్క లేదు. అసలు కొలత డీబీఎమ్, అంటే ఫోన్‌కి అందే సిగ్నల్ బలాన్ని చెప్పే నంబర్. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో సెట్టింగ్స్‌లో అబౌట్ ఫోన్, అందులో సిమ్ స్టేటస్‌లో ఉంటుంది. మైనస్‌లో ఉంటుంది కాబట్టి సున్నాకి ఎంత దగ్గరగా ఉంటే అంత మంచిది.

ఇదిగో, కిటికీ దగ్గర నిలబడ్డాను. మైనస్ 86. బాగుంది. ఇప్పుడు లోపలి గదిలోకి వెళ్లి తలుపు వేస్తున్నా... మైనస్ 112. తేడా 26 అంతే కదా అనుకోకండి. ఈ కొలతలో 3 తగ్గితే పవర్ సగమైపోతుంది, 10 తగ్గితే పదో వంతే మిగులుతుంది. 26 అంటే దాదాపు 400వ వంతు! నాలుగు అడుగులు వేసి గోడ దాటినందుకు!

సిగ్నల్ బాగుంటే టవర్ ఒక్కో విడతలో 8 బిట్లు, అంటే డేటాలోని అతి చిన్న ముక్కలు ఎనిమిది, సర్ది పంపగలదు. బలహీనపడితే తప్పులు రాకుండా 2 బిట్లకు దిగిపోతుంది. స్పీడ్ పడిపోయేది అక్కడే.

అప్‌లోడ్ ఇంకా ముందే చతికిలబడుతుంది. టవర్‌కి పదుల వాట్ల శక్తి ఉంటే, ఫోన్ మామూలుగా పంపగలిగేది గరిష్ఠంగా 200 మిల్లీవాట్లు. అందుకే ఒక్కోసారి కాల్‌లో అవతలివాళ్ల మాట మనకు వినిపిస్తుంది, మన మాట వాళ్లకు చేరదు. ఫోన్ పాపం తన బలమంతా పెట్టి అరుస్తూ ఉంటుంది, బ్యాటరీ కరిగిపోతుంది. సిగ్నల్ లేనిచోట ఫోన్ వేడెక్కడానికి ఇదొక కారణం.

మరి గీతలు నిండుగా ఉన్నా వీడియో ఆగిపోతే? అప్పుడు తప్పు బలానిది కాదు. జనం ఎక్కువగా ఉన్నచోట ఒకే టవర్‌ని అందరూ పంచుకుంటారు. లేదా పక్క టవర్ల సిగ్నల్ అడ్డుపడుతుంది. ఈ రెండూ గీతల్లో సరిగా కనిపించవు. నాకు నచ్చనిది ఇదే.

నా రేటింగ్ ఐదుకి రెండు. సిగ్నల్ ఉందా లేదా అని చూసుకోవడానికి గీతలు చాలు. ముఖ్యమైన వీడియో కాల్ ఉన్న రోజు మాత్రం ఐదు నిమిషాల ముందే లేచి, ఆ నంబర్ చూసుకుంటూ ఇల్లంతా ఒకసారి తిరగండి. మైనస్ 95 కంటే మెరుగ్గా వచ్చిన చోట కుర్చీ వేసుకోండి.